తన పని తాను చేసికొనగల శక్తి
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగము)



తాటిచెట్టు నుండియో, కొబ్బరిచెట్టు నుండియో జారిపడి మెడ విరిగినవారు మన పల్లెలలో లేకపోలేదు. అట్టివాడు ఆసుపత్రి నుండి ఇల్లు చేరగనే మనమందరము అడుగు ప్రశ్న ఒక్కటే: “మరల నడచునా?” నడవడని తెలిసినచో, చేయదగినదేమియు లేదని మరలిపోవుదుము. ఆ ప్రశ్న మారవలెను. “తన చేతితో ఏమేమి చేసికొనుచున్నాడు?” అని అడుగవలెను.

మెడలో వెన్నుపాము దెబ్బతినినచో కాళ్లతోపాటు చేతులకును బలము తగ్గును. ఎంత తగ్గునన్నది దెబ్బ తగిలిన చోటును బట్టి యుండును. మెడలో 8 జతల నరములు బయలుదేరును. 5వ నరము పనిచేసినచో మోచేయి ముడువవచ్చును. 6వది కూడ పనిచేసినచో మణికట్టు పైకెత్తవచ్చును. అప్పుడు వ్రేళ్లు వాటంతట అవి కొంత ముడుచుకొని, తేలిక వస్తువును పట్టును. 7వది మిగిలినచో మోచేయి చాపవచ్చును. ఒక్క నరము తేడాతో ఒక జీవితమే మారును.

ఈ శక్తిని కొలుచుటకు ఇశ్రాయేలు వైద్యులు 1997లో ఒక కొలమానమును ప్రకటించిరి. దానిని ‘స్కిమ్’ అందురు. మొత్తము మార్కులు 100. అందు ఊపిరికిని, మలమూత్ర విసర్జనకును కలిపి 40, కదలికకు 40, స్వయంసేవకు 20. ఈ 20లో భోజనమునకు 3; ఒంటి పైభాగపు స్నానమునకు 3, క్రిందిభాగమునకు 3; పైబట్టలు ధరించుటకు 4, క్రిందిబట్టలకు 4; ముఖము కడుగుట, తల దువ్వుట వంటివానికి 3.

భోజనమునే చూడుడు. పూర్తిగా ఒకరు తినిపించవలసినచో సున్న. కొంత సాయము కావలసినను, సాధనమును మరియొకరు తొడుగవలసినను 1. సాధనమును తానే తొడిగికొని తినినచో 2. సాయము, సాధనము రెండును అక్కరలేనిచో 3. మనము ముద్ద కలిపి తినువారము. వ్రేళ్ల పట్టు లేనివానికి అది కష్టము. అరచేతికి పట్టీ కట్టి, అందు చెంచా దోపినచో తినగలవారు కలరు. చెంచాతో తినుట చిన్నతనము కాదు. సున్న నుండి 2కు చేరుట కాగితముపై స్వల్పము. ఇంటిలో, అన్నము అందుబాటున నుంచి ఇల్లాలు నిశ్చింతగా కూలికి పోవుట.

మార్కులు వేయుట శిక్షణ పొందినవారి పని. వారు చూచునది చేయగలనను మాటను కాదు, దినదినము చేయుచున్న పనిని. ప్రేమకొలది మనమే తినిపించుచున్నచో ఉన్న శక్తియు మరుగునపడును. తక్కువ మార్కు మనిషి విలువకు కొలత కాదు. ఎచ్చట సాయము కావలెనో చూపు గుర్తు మాత్రమే.

సభ్యులు చేయదగినవి మూడు గలవు. ఆసుపత్రి నుండి వచ్చునాటి కొలతను, కొన్ని నెలల తరువాతి కొలతను కుటుంబమువారు అడిగి తీసికొనునట్లు చూడుడు. ఇంటి గడపకు, పంచాయతీ కార్యాలయమునకు చక్రాల కుర్చీ ఎక్కు వాలుబాట వేయింపుడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము, 40 శాతమునకు తగ్గని వైకల్యము ధ్రువపడి, అధిక సహాయము అవసరమైనవారు అందుకై దరఖాస్తు చేయవచ్చును. వారి పక్షమున ఇతరులును చేయవచ్చును. ఆ ఇతరులు మీరే కావలెనని కోరుచున్నాము.