పనివానికి చదువు ఎందుకు? – ఒక అల్యూమినియం బాడీ నేర్పిన పాఠం

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య యొక్క ఆవశ్యకతను గూర్చి మాట్లాడవలసిందని కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. ఈ విషయమై ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. మనం చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోతున్నాము. మర్నాడు పొద్దున పిల్లవాడు బడికి కాక షెడ్డుకే పోతున్నాడు. అందుచేత ఈసారి విద్య గూర్చి కాక ఒక బండి గూర్చి చెప్పదలిచాము.

విజయవాడ ఆటోనగర్ మీ అందరికీ తెలిసినదే. ఒట్టి చాసిస్‌గా వచ్చిన లారీ అక్కడ బాడీ కట్టించుకొని, రంగులు వేయించుకొని, పెళ్ళికొడుకులాగా రోడ్డెక్కుతుంది. వడ్రంగం, కమ్మరం, వెల్డింగ్, టింకరింగ్, పెయింటింగ్ – ఈ పనుల్లో మనవాళ్ళు ఎందరో ఉన్నారు. ఉస్తాద్ దగ్గర చేరి, స్పానర్లు అందిస్తూ, తిట్లు తింటూ నేర్చుకున్న పని. ఆ హునర్‌ను తక్కువ చేసి మాట్లాడటానికి మేము ఇక్కడికి రాలేదు.

మా పాత విద్యార్థి ఒకడున్నాడు. పేరు చెప్పము. పదిహేనేళ్ళ కిందట తండ్రి కాలం చేస్తే, ఎనిమిదో తరగతి పూర్తికాగానే బడి మానేశాడు. ఇప్పుడు మంచి వెల్డరు. కిందటి సంవత్సరం ఒక టెంట్ హౌస్ యజమాని తన చిన్న ట్రక్కును ఇతని దగ్గరికి తెచ్చాడు. ఇనుప ఫ్లోరు తుప్పు పట్టి చిల్లులు పడింది. "బాడీ తేలికగా ఉండాలి, తుప్పు పట్టగూడదు, వెనకాల జనరేటర్ ట్రాలీ తగిలించుకోవాలి" అన్నాడు. మనవాడు అల్యూమినియం బాడీ కట్టాడు. చూడముచ్చటగా వచ్చింది. ట్రాలీ లాగే హుక్కును బాడీ చివరి అడ్డబీముకు పెట్టి వెల్డింగ్ చేశాడు.

రెండు నెలలు బండి బాగానే తిరిగింది. ఒకరోజు పెళ్ళి సామానుతో పోతూ డ్రైవరు టీ తాగటానికి ఆపి వెనక్కు చూస్తే, హుక్కు కిందికి వాలి ఉంది. బీములో వేలెడు పొడుగు పగులు. ఇంకొంచెం దూరం పోయి ఉంటే టన్ను బరువున్న ట్రాలీ ఊడి, వెనక వచ్చే ఏ మోటారు సైకిలు మీదనో పడేది. అల్లా దయవల్ల ఆ ఘోరం తప్పింది.

ఆ రాత్రి ఇషా తర్వాత మా ఇంటికి వచ్చాడు. తెగిన ముక్కను గుడ్డలో చుట్టి తెచ్చాడు. "సార్, చూడండి. నా అతుకు తెగలేదు. అతుకు పక్కన తెగింది. నా వెల్డింగులో లోపం లేదు. మరి ఎందుకు తెగింది?" అన్నాడు.

మేము ఇంజనీరులం కాము. ఉర్దూ మీడియంలో లెక్కలు, సైన్సు చెప్పుకునే పంతులం. అయినా ఆ బండి కంపెనీవారి పుస్తకం, పదో తరగతి భౌతికశాస్త్రం, లోహాల గూర్చిన మరొక పుస్తకం ముందు పెట్టుకొని మూడు రాత్రులు కూర్చున్నాము. ఇంగ్లీషు మేము చదివాము. చేతి అనుభవం అతను చెప్పాడు. తేలిన సంగతులు ఇవి.

మొదటిది. బండి బాడీలకు వాడే గట్టి అల్యూమినియం రకాలు కొన్ని, ఫ్యాక్టరీలో వేడి చేసి పదును పెట్టినందువల్ల బలం వచ్చినవి. వెల్డింగ్ వేడి తగలగానే అతుకు పక్కన ఆ పదును పోతుంది. అక్కడ బలం దగ్గర దగ్గర సగానికి పడిపోతుంది. అతుకు నిలిచి పక్కది తెగటంలో వింతేమీ లేదు. పైగా ఇనుములాగా ఇది ఎర్రబడి హెచ్చరించదు. సుమారు 660 డిగ్రీలకే కరుగుతుంది. పైనున్న ఆక్సైడు పొర మాత్రం 2,000 డిగ్రీలు దాటితే గాని కరగదు. ఆ పొరను శుభ్రంగా గోకి, ఆర్గాన్ గ్యాసు నీడలో అతకాలి. ఇది మనవాడికి తెలుసు. పదును పోవటం సంగతే తెలియదు.

రెండవది. అల్యూమినియం సాంద్రత 2.7, ఇనుముది 7.85. అంటే మూడో వంతు బరువు. ఎనిమిది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు ఫ్లోరుకు 3 మిల్లీమీటర్ల ఇనుప రేకు వేస్తే సుమారు 87 కిలోలు. 4 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు వేస్తే సుమారు 40 కిలోలు. లాభమే. కాని వంగకుండా నిలిచే గుణం కూడా మూడో వంతే. ఇనుప బీము ఎంత ఎత్తుందో అంతే ఎత్తు అల్యూమినియం బీము వేస్తే మూడింతలు వంగుతుంది. ఎత్తును ఒకటిన్నర రెట్లు చేస్తే ఆ లోటు తీరుతుంది. ఎందుకంటే గట్టిదనం ఎత్తు యొక్క ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఒకటిన్నరను మూడుసార్లు గుణిస్తే మూడు దాటుతుంది. అప్పుడు కూడా బీము బరువు ఇనుప బీములో సగమే. మనవాడు ఇనుప బాడీ కొలతలే అల్యూమినియానికి వేశాడు. ఘనం అనే పాఠం అతను బడి మానకముందే మేము చెప్పాము. బీముతో దానికి సంబంధం ఉందని మాత్రం చెప్పలేదు.

మూడవది మీట సూత్రం. ట్రాలీ వెయ్యి కిలోలుంటే హుక్కు మీద నూటికి పది మొదలు పదిహేను వంతుల బరువు వాలాలని లెక్క. 120 కిలోలు అనుకోండి. ఎద్దుబండి తోలినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. బరువంతా వెనక వేస్తే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు పట్టేస్తుంది. అంతా ముందు వేస్తే ఎద్దుల మెడలు విరుగుతాయి. ట్రాలీ కూడా అంతే. బరువు వెనక ఎక్కువైతే తోక ఊపుతుంది, బండిని రోడ్డు మీద నిలవనియ్యదు. ఇప్పుడు చూడండి. ట్రక్కు ముందు చక్రాలకు, వెనక చక్రాలకు మధ్య ఎనిమిది అడుగులు. వెనక చక్రాల నుంచి హుక్కు నాలుగడుగులు బయటికి ఉంది. అప్పుడు వెనక ఇరుసు మీద పడేది 120 కాదు, 180 కిలోలు. మిగతా 60 ముందు చక్రాల మీద నుంచి లేచిపోయి వెనక్కు వచ్చాయి. స్టీరింగు తేలిపోతున్నదని డ్రైవరు నెల రోజుల నుంచి అంటూనే ఉన్నాడట.

నాల్గవది అన్నిటికంటె ముఖ్యం. బాడీ పని సామాను మోయటం. లాగే పని చాసిస్‌ది. గుంట వచ్చిన ప్రతిసారి, బ్రేకు వేసిన ప్రతిసారి ట్రాలీ హుక్కును గుంజుతుంది, నెడుతుంది. ఇనుముకు చిన్న చిన్న కుదుపులు ఒక హద్దు లోపల ఉంటే ఎన్నైనా ఓర్చుకుంటుంది. అల్యూమినియానికి అట్లాంటి హద్దు లేదు. లెక్క పెట్టుకుంటూనే ఉంటుంది, ఒకనాడు తెగుతుంది. కనుక హుక్కును ఇనుప దిమ్మెతో నేరుగా చాసిస్ ఛానళ్ళకే బోల్టులు వేసి బిగించాలి. ఆ బోల్టుల రంధ్రాలు కూడా ఛానల్ నిలువు భాగంలోనే, కంపెనీవారు ఒప్పుకున్న చోటనే వేయాలి. పై అంచు, కింది అంచు తాకగూడదు.

ఐదవది. ఇనుప చాసిస్ మీద అల్యూమినియం నేరుగా పెడితే, మధ్యన వాననీరు చేరితే అది బ్యాటరీ సెల్ అవుతుంది. తినబడేది అల్యూమినియమే. మధ్యన రబ్బరు పట్టీ వేయాలి. ఈ సెల్ బొమ్మను మేము ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద గీస్తున్నాము. లారీ కింద కూడా ఇది ఉంటుందని ఒక్కనాడూ పిల్లలకు చెప్పలేదు. ఈ తప్పు మాది.

మనవాడు సొంత డబ్బు పెట్టి ఆ బాడీని మళ్ళీ కట్టాడు. ఎత్తయిన బీములు వేశాడు. వంపు ఎక్కువపడే చోట అతుకులు పెట్టలేదు. రబ్బరు వేశాడు. హుక్కు చాసిస్‌కు బిగించాడు. దాని కింద రెండు గొలుసులు అడ్డంగా దాటించి తగిలించాడు. ఒకవేళ హుక్కు ఊడినా ట్రాలీ మూతి రోడ్డుకు కొట్టుకోకుండా గొలుసుల మీద నిలుస్తుంది. బండి ఎంత బరువు లాగవచ్చునో కంపెనీ పుస్తకంలో చూసిన తర్వాతనే ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆ బండి నిక్షేపంగా తిరుగుతున్నది.

ఇంకొక మాట. రోజులు మారినవి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్.సి.లో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చగూడదు. లారీ కేబిన్లు, బాడీలు, ట్రెయిలర్లు ఎట్లా కట్టాలో ఏ.ఐ.ఎస్. 093 అనే నియమావళి చెబుతున్నది. అంటే కొలతలు, డ్రాయింగులు, కాగితాలు. డ్రాయింగు చదవగలవాడు యజమాని అవుతాడు. చదవలేనివాడు, చెయ్యి ఎంత మంచిదైనా, వాడి కింద కూలీగా మిగులుతాడు. మన పిల్లల ముందున్న ప్రశ్న ఇది.

తల్లిదండ్రులకు మా మనవి. పిల్లవాడిని షెడ్డుకు పంపక తప్పని ఇల్లు ఉంటుంది. ఆ కష్టం మాకు తెలుసు. అయినా ఎనిమిది పాసైతే ఐ.టి.ఐ.లో వెల్డరు ట్రేడు ఒక్క సంవత్సరమే. పది పాసైతే మెకానికల్ డ్రాఫ్ట్స్‌మన్ రెండు సంవత్సరాలు. ఆ ఒకటి రెండేళ్ళు ఓర్చుకోండి.

సంఘ పెద్దలకు మా మనవి. ప్రతి సంవత్సరం పుస్తకాలు, బట్టలు పంచుతున్నారు, సంతోషం. ఈ సంవత్సరం ఆదివారాలు రెండు గంటలు ఈ హాలు తాళం చెవి మాకు ఇవ్వండి. ఒక బోర్డు, నాలుగు స్కేళ్ళు చాలు. షెడ్లలో పనిచేసే కుర్రవాళ్ళకు డ్రాయింగు చదవటం, బరువుల లెక్క కట్టటం ఉర్దూలోనూ తెలుగులోనూ మేము చెబుతాము. జీతం అక్కరలేదు. మా పాత విద్యార్థి కూడా వస్తానన్నాడు. తెగిన ఆ అల్యూమినియం ముక్క మా బీరువాలో ఉంది. మొదటి పాఠం దానితోనే మొదలుపెడతాము.