నీలి తొట్టిలో మోల్ లెక్క

భవాని పేట్ పద్మశాలి కుటుంబాలకు నూలు అద్దకం కొత్త కాదు. నీలిమందు నీటిలో కరగదు. హైడ్రోస్, కాస్టిక్ సోడా కలిసి దానిని కరిగే పసుపు రూపానికి తెస్తాయి. తడి నూలుకు గాలి సోకగానే మరల నీలమవుతుంది.

సమీకరణము ననుసరించి ఒక మోల్ నీలికి ఒక మోల్ హైడ్రోస్, నాలుగు మోల్‌ల కాస్టిక్ అవసరం. అనగా 262 గ్రాముల శుద్ధమైన నీలికి 174 గ్రాముల హైడ్రోస్, 160 గ్రాముల కాస్టిక్. ‘ఒకటికి ఒకటి’ అన్నది తూకం కాదు, కణాల లెక్క. విద్యార్థులు తడబడేది ఇక్కడనే.

హైడ్రోస్‌లో కొంత భాగాన్ని గాలి హరిస్తుంది గనుక అద్దకపువారు లెక్కకు మించి వేయడం సమంజసమే. కాని గుప్పిళ్ళ కొలతతో కాస్టిక్ వేస్తే చేతులు కాలుతాయి, మిగిలిన క్షారం మురుగుకాలువ చేరుతుంది. 500 గ్రాముల నీలికి కనీస హైడ్రోస్ సుమారు 332 గ్రాములు, కాస్టిక్ 305 గ్రాములు. తల్లిదండ్రులు ఈ లెక్కను పిల్లలచేత ఇంటి తొట్టి వద్దనే చేయించవచ్చు.