పెద్ద కొలువులకు మనుష్యుల నెన్నుకొను విధము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



కార్యదర్శిగారు నన్ను పద్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమనిరి. పద్యము నాకు ప్రీతియే. అది బడిలో నేర్చినది కాదు. ఊరి లెక్కల కట్టలు కట్టిపెట్టిన పిదప, రాత్రులందు ఈ బీరువాలలోని పుస్తకములతోనే నేర్చితిని. అయినను నేడు పద్యమును ప్రక్కన నుంచి, కలెక్టరు మొదలగు పెద్ద యుద్యోగములకు మనుష్యుల నెట్లెన్నుకొందురో చెప్పదలచితిని. కారణము వినుడు.

నిరుడు మన యూరి రైతొకరు తెల్లవారకమునుపే మా యింటికి వచ్చి, తన మెట్ట యెకరమునకు అడంగలు నకలు కావలెననిరి. ఎందుకనగా, అమ్ముటకు. పట్టణమున నొక పెద్దమనిషి ఆయన కుమారునికి సివిల్ సర్వీసులో స్థానమిప్పింతునని సగము సొమ్ము ముందుగా నడిగెనట. "పైన మనవారున్నారు, ఇంటర్వ్యూ సంగతి వారే చూచుకొందురు" అనెనట. నకలిచ్చుట నా విధి, కాదనరాదు. కాని ఆయనను అరుగుమీద కూర్చుండబెట్టి ఆ పూట చెప్పిన మాటలనే మీకును చెప్పుచున్నాను.

దళారికి తావున్న కాలము లేకపోలేదు. ఈస్టిండియా కంపెనీ నాళ్లలో డైరెక్టర్లు తమ బంధువులను, మిత్రుల బిడ్డలను కొలువులలో నియమించుచుండిరి. మొదటి మెట్టుపై నున్నవానిని రైటరు అనెడివారు, అనగా వ్రాయసకాడు. పేరునకు మా వృత్తివాడే! ఆ కొలువులు చాటుగా అమ్ముడుపోయెనని 1809లో ఇంగ్లండు పార్లమెంటు సంఘపు విచారణయందు బయటపడెను. 1853 నాటి చార్టరు చట్టము ఈ సిఫారసు పద్ధతిని తీసివేసెను. మరుసటి యేడు మెకాలే అధ్యక్షతన సంఘము పోటీ పరీక్షా పద్ధతిని నిర్ణయింపగా, 1855లో లండనులో తొలి పరీక్ష జరిగెను.

తలుపు తెరచిరి గాని గడప మిక్కిలి యెత్తుగా నుంచిరి. పరీక్ష వ్రాయుటకు సముద్రము దాటవలెను. గ్రీకు, లాటిను భాషలకు హెచ్చు మార్కులు. అట్టి దానిని 1863లో దాటిన తొలి భారతీయుడు సత్యేంద్రనాథ ఠాకూరు, రవీంద్రుని యన్నగారు. పిమ్మట 1878లో గరిష్ఠ వయస్సును 19 ఏండ్లకు దింపిరి. ఆ వయస్సునకు మన బాలుడు పరభాష నేర్చి, ఓడ యెక్కి, ఆ దేశపు పిల్లలతో పోటీపడుట యెట్లు? సురేంద్రనాథ బెనర్జీ దీనిని గూర్చియే దేశమెల్ల తిరిగి ప్రసంగించెను. ఈ నేలపై పరీక్ష జరుగుటకు 1922 వరకు ఆగవలసివచ్చెను. 1926 అక్టోబరు 1న పబ్లిక్ సర్వీసు కమీషను ఏర్పడెను. నేటి యూనియన్ పబ్లిక్ సర్వీసు కమీషను అను పేరు 1950 జనవరి 26న వచ్చినది.

ఇచట కౌటిల్యుని దలపకుండ నాకు తోచదు. అమాత్యులను ధర్మము, అర్థము, కామము, భయము అను నాలుగింటితో రహస్యముగ పరీక్షింపవలెననియు, ధనాశకు లొంగనివానినే పన్నులు వసూలుచేయు సమాహర్తగను, కోశాధ్యక్షునిగను ఉంచవలెననియు ఆయన మతము. నాలుగింటను ఓడినవానిని గనులకును, అడవులకును పంపుమనెను. నేటి పరీక్ష జ్ఞానమును కొలుచును గాని, ధనాశను కొలుచు త్రాసు మనకింకను చిక్కలేదు. 2013 నుండి నీతిని గూర్చి యొక ప్రశ్నపత్రము పెట్టిరి. నీతిని గూర్చి వ్రాయుట వేరు, నీతి వేరు. అయినను లేనిదానికంటె మేలు.

ఇప్పుడు నేటి విధానము. ఏ శాస్త్రములో నైనను పట్టా పొంది, 21 ఏండ్లు నిండినవారు దరఖాస్తు చేయవచ్చును. సామాన్యులకు 32 ఏండ్ల వరకు ఆరు పర్యాయములు. వెనుకబడిన తరగతులవారికి 35 వరకు తొమ్మిది. షెడ్యూల్డు కులములు, తెగలవారికి 37 వరకు, పర్యాయములకు మితి లేదు. తొలి రుసుము నూరు రూపాయలు. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, వికలాంగులకును అదియు లేదు. ప్రిలిమినరీ యనునది జల్లెడ. దాని మార్కులు తుది లెక్కలో చేరవు. తప్పు జవాబునకు మూడవ వంతు మార్కు కోతపడును. జల్లెడ దాటినవారు మెయిన్సు వ్రాయుదురు. అందు లెక్కకు వచ్చునవి ఏడు పత్రములు, ఒక్కొక్కటి 250, వెరసి 1750. ఇంటర్వ్యూకు 275. మొత్తము 2025.

ఈ కూడికను ఆ రైతునకు బలపముతో వ్రాసి చూపితిని. "అయ్యా, ఇంటర్వ్యూలో చూచుకొందురనిరి గదా, రెండువేల పైచిలుకులో అది 275 మాత్రమే. ముందు మెయిన్సు దాటనిదే ఆ గదిలోనికే రానీయరు. మెయిన్సు జవాబులు దిద్దువానికి వ్రాసినవాని పేరు తెలియదు. ఇంటర్వ్యూ పెద్దల యెదుట వ్రాతపరీక్ష మార్కులుండవు. ఇక ఆయన మనవారు ఏ మూల దూరుదురు?" అంటిని. కమీషను సభ్యులను రాష్ట్రపతి నియమించును. దుష్ప్రవర్తన పేర తొలగింపవలెనన్న సుప్రీంకోర్టు విచారణ జరిగి తీరవలెను. వారి జీతభత్యములు సంచితనిధిపై నేరుగా పడును గాన, పార్లమెంటు వోటునకు రావు. లెక్కలవానికి ఈ చివరి యేర్పాటు విలువ బాగుగా తెలియును. జీతము కోయగలవాడే కలమును వంచగలడు.

మరియొక సంగతి. 1979 నుండి మెయిన్సు జవాబులను తెలుగులోను వ్రాయవచ్చును. 2016 నాటి పరీక్షను శ్రీకాకుళం జిల్లా ప్రాథమికోపాధ్యాయు డొకరు తెలుగులో వ్రాసి, దేశమున మూడవ స్థానము నందిరి. అయితే ప్రశ్నలు మాత్రము హిందీలోను, ఇంగ్లీషులోను ముద్రింతురు. జవాబునకు తగిన భాష ప్రశ్నకేల తగదో నాకర్థము కాలేదు. ఈ విషయమై చదువుకొన్నవారు అర్జీలు వ్రాయవలెనని నా మనవి.

పాత ప్రశ్నపత్రములను కమీషనువారు ఉచితముగనే వెలువరింతురు. కార్యదర్శిగారు వాని ప్రతులు తీయించి, తూర్పు కిటికీ ప్రక్క బీరువాలో నుంచుట కంగీకరించిరి. రాజ్యాంగము, దేశచరిత్ర తెలుగులో మనవద్ద నున్నవి, కాని అట్టలు చిరిగినవి. రజతోత్సవపు చందాలో కొంత వానికి బైండు వేయించుటకు కేటాయింపుడు.

ఆ రైతు ఆనాడు నకలు తీసికొనకయే వెళ్లిరి. కుమారుడు సాయంకాలములందు ఇచటికి వచ్చి చదువుచున్నాడు. పట్టపు చదువు ముగియుట కింకను ఒక యేడు కలదు. ఎకరము అడంగలులో ఆయన పేరనే యున్నది. ఈ యేట కంది వేసిరి.