ఓడినవారు ఒప్పుకొనే తీర్పు

(సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠం)



పాలకవర్గం ఎన్నికలు వచ్చినప్పుడల్లా నామినేషన్ల గురించి, ఓటర్ల జాబితా గురించి ఎంతో చెప్పుకొంటాం. లెక్కింపు ముగిశాక ఎవరైనా లేచి "ఇది అన్యాయం" అంటే ఏం చేయాలో మాత్రం అంతగా చెప్పుకోం. ఈ చిక్కు మన ఊళ్లకే కాదు, పెద్ద పెద్ద దేశాలకూ వచ్చింది. వారు దాన్ని ఎలా పరిష్కరించుకొన్నారో కొన్ని ఉదాహరణలతో మనవి చేస్తాం.

పాల కేంద్రంలో మనందరికీ అనుభవమైన సంగతి ఒకటుంది. వెన్న శాతం తక్కువ వచ్చిందని సభ్యుడు అడిగితే, అతని శాంపిలును అతని కళ్లెదుటే మళ్లీ పరీక్షిస్తాం. రెండోసారీ తక్కువే వచ్చినా అతడు ఒప్పుకొని వెళతాడు. శాంపిలు పారబోసి ఉంటే, మనం నిజమే చెప్పినా నమ్మడు. ఎన్నిక తగాదాకూ ఇదే వర్తిస్తుంది. తీర్పు కావలసింది గెలిచినవారికి కాదు, ఓడినవారికి. అందుకు మూడు ప్రశ్నలకు జవాబు ముందే ఉండాలి. తగవు ఎవరు తీర్చాలి? ఎన్నాళ్లలో తీర్చాలి? ఎలాంటి లోపానికి ఎన్నిక రద్దు కావాలి?

మొదటిది, తీర్చేవారెవరు? ఇంగ్లండులో 1868 వరకు పార్లమెంటు ఎన్నికల తగాదాలను కామన్సు సభ తన సభ్యుల కమిటీలతోనే తీర్చుకొనేది. సభలో బలమున్న పక్షంవైపే తీర్పు మొగ్గుతుందన్న అపవాదు ఉండేది. ఆ ఏడు చట్టం చేసి ఆ పనిని న్యాయమూర్తులకు అప్పగించారు. మన దేశంలో మొదట ట్రిబ్యునళ్లు ఉండేవి. 1966లో చట్టాన్ని సవరించి పార్లమెంటు, శాసనసభ ఎన్నికల పిటిషన్లను హైకోర్టులకు ఇచ్చారు. ఫలితం వెలువడిన 45 రోజులలోగా పిటిషన్ వేయాలి. 1975లో 39వ రాజ్యాంగ సవరణ ద్వారా ప్రధానమంత్రి ఎన్నికను కోర్టుల పరిధి నుండి తప్పించాలని చూశారు. ఆ భాగాన్ని సుప్రీంకోర్టు కొట్టివేసింది. తగవులో ఉన్నవారే తగవు తీర్చరాదన్నది ఎక్కడైనా ఒకటే ధర్మం.

రెండవది, గడువు. హైకోర్టు ఆరు నెలలలో విచారణ ముగించడానికి ప్రయత్నించాలని మన చట్టం చెబుతుంది. ఆచరణలో చాలాసార్లు అలా జరగదు. 1971 రాయబరేలీ ఎన్నికపై అలహాబాదు హైకోర్టు తీర్పు 1975 జూన్ 12న వచ్చింది. అయిదేళ్ల పదవికి నాలుగేళ్ల విచారణ అన్నమాట!

కెన్యా దేశానికి ఈ పాఠం రక్తంతో నేర్చుకోవలసి వచ్చింది. 2007 డిసెంబరు అధ్యక్ష ఎన్నిక ఫలితాన్ని ప్రతిపక్షం ఒప్పుకోలేదు. కోర్టుల మీద నమ్మకం లేక అటు వెళ్లనూ లేదు. తర్వాత చెలరేగిన హింసలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. 2010లో వచ్చిన కొత్త రాజ్యాంగం ఏడు రోజులలో పిటిషన్ వేయాలని, 14 రోజులలో సుప్రీంకోర్టు తేల్చాలని నిర్దేశించింది. 2017 సెప్టెంబరు 1న ఆ కోర్టు పదవిలో ఉన్న అధ్యక్షుని ఎన్నికనే రద్దు చేసింది. 2022లో వచ్చిన పిటిషన్లను కొట్టివేసింది. అప్పుడు ఓడిన నాయకుడు తీర్పుతో ఏకీభవించనన్నాడు, కాని దాన్ని గౌరవిస్తానన్నాడు. 2007కూ 2022కూ మధ్య వచ్చిన మార్పు ఆ ఒక్క మాటలో ఉంది.

అయితే గడువు ఒక్కటే చాలదు. అమెరికాలో 2000 అధ్యక్ష ఎన్నిక ఫలితం ఫ్లోరిడా రాష్ట్రంలో 537 ఓట్ల తేడా మీద ఆధారపడింది. చీటీలో రంధ్రం పూర్తిగా పడకపోతే అది ఓటా కాదా అన్నదానిపై జిల్లాకొక పద్ధతి నడిచింది. డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఆ పద్ధతి సమానంగా లేదంది. సరిచేసి లెక్కించడానికి వ్యవధీ లేదంది. లెక్కింపు ఆగిపోయింది. ఏది చెల్లే ఓటో తగాదా పుట్టకముందే రాసుకోవాలి.

మూడవది, లోపం ఎంతటిది? ఇంగ్లండులోని వించెస్టరులో 1997లో ఒక అభ్యర్థి రెండే ఓట్లతో గెలిచాడు. సిబ్బంది ముద్ర వేయడం మరచిన యాభైకి పైగా చీటీలను లెక్కలోకి తీసుకోలేదు. వాటిని లెక్కిస్తే ఫలితం తారుమారయ్యేది. కోర్టు ఎన్నికను రద్దు చేసింది. ఆ నవంబరులో మళ్లీ ఓటింగు జరిగితే, మొదట గెలిచిన అభ్యర్థే ఈసారి 21,556 ఓట్ల ఆధిక్యంతో నెగ్గాడు.

ఆస్ట్రియాలో 2016 మే అధ్యక్ష ఎన్నికలో తేడా 30,863 ఓట్లు. పోస్టులో వచ్చిన ఓట్ల కవర్లను కొన్ని జిల్లాలలో వేళకు ముందే, అధికారం లేనివారు విప్పారు. నియమం తప్పిన చోట్ల ఓట్లు 77,926. దొంగలెక్క జరిగిందని రుజువు లేదు. అయినా తేడాకన్నా సందేహమే పెద్దది గనుక రాజ్యాంగ న్యాయస్థానం మళ్లీ ఎన్నిక జరపమంది. డిసెంబరులో అదే అభ్యర్థి ఇంకా ఎక్కువ తేడాతో గెలిచాడు. రెండుచోట్లా గెలుపు మారలేదు, దాని మీది అనుమానం తొలగిపోయింది. మన చట్టంలోనూ, ఓట్లను తప్పుగా చేర్చారనో తోసేశారనో ఎన్నికను రద్దు చేయాలంటే, ఆ తప్పు ఫలితాన్ని మార్చినట్లు తేలాలి. ప్రతి చిన్న పొరపాటుకూ ఎన్నిక కూలదు.

వీటినుండి మన సంఘాలు తీసుకోవలసినది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. చెల్లని ఓటు ఏదో ఓటింగుకు ముందే అభ్యర్థులందరికీ చదివి వినిపించండి. లెక్కింపు అయ్యాక చీటీలను కట్టకట్టి, ఇరుపక్షాల సంతకాలతో సీలు వేయించండి. గడువు తీరేవరకు ఆ సీలు ఎవరూ విప్పరాదు. ఫిర్యాదు వస్తే రసీదు ఇచ్చి, చట్టం, బైలాలు చూపిన అధికారికే పంపండి. గెలిచిన పాలకవర్గం తానే విచారణకు కూర్చోవద్దు. ఫిర్యాదు చేసిన సభ్యుణ్ణి సంఘానికి శత్రువుగా చూడవద్దు. అతడు రేపు ఉదయం కూడా మన కేంద్రానికే పాలు తేవాలి.

ఈ విషయాలను మీ సర్వసభ్య సమావేశాలలో చర్చించగలరని మనవి చేస్తూ సెలవు తీసుకొంటున్నాం.