భూమి పటం మన పరోక్షంలో తయారుకారాదు
(వక్ఫ్ ఆస్తుల పరిరక్షణపై ముతవల్లీలు, మస్జిద్ కమిటీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వక్ఫ్ గురించి జరిగే సభలలో చట్టం, కోర్టులు, ఆక్రమణలు అనే మూడు విషయాలు తప్పక వినిపిస్తాయి. నేడు మేము ఈ మూడింటికీ ముందు జరిగే ఒక పని గురించి మాట్లాడదలచుకొన్నాము. అది ప్రభుత్వ కార్యాలయాలలో కంప్యూటర్ తెరపై భూమి పటం తయారయ్యే పని. రేపు తహసీల్దార్ ముందైనా, ట్రిబ్యునల్ ముందైనా మొదట తెరిచి చూసేది ఆ పటాన్నే. అందువల్ల అది ఎలా తయారవుతుందో, అందులో మన స్థలం ఏ పేరుతో చేరుతుందో ప్రతి కమిటీ తెలుసుకోవలసి ఉన్నది.

ఈ విధానాన్ని జి.ఐ.ఎస్. అంటారు. ఇందులో ముందుగా ఉపగ్రహం గానీ డ్రోన్ గానీ తీసిన ఛాయాచిత్రాన్ని తీసుకొంటారు. పాత గ్రామ నక్షాను స్కాన్ చేసి, చెరువు కట్ట, దారుల కూడలి, మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే రాయి వంటి గుర్తుల ఆధారంగా ఆ చిత్రంపై అమరుస్తారు. తరువాత ఒక్కొక్క సర్వే నంబరు చుట్టూ గీత గీస్తారు. చివరకు ఆ గీతకు ఒక పట్టికను జతచేస్తారు. యజమాని ఎవరు, భూమి ఏ రకం, విస్తీర్ణం ఎంత, దేనికి వాడుతున్నారు అనే వివరాలు అందులో ఉంటాయి. చిత్రం కెమెరా తీసినదే అయినా, గీత గీసేది ఒక ఉద్యోగి, పట్టిక నింపేది మరొక ఉద్యోగి. కెమెరా చూసినదానిలో పొరపాటు తక్కువ. పొరపాటుకు ఎక్కువ అవకాశం ఉన్నది గీతలోను, పట్టికలోను.

మన స్థలాల విషయంలో కెమెరాకు కూడా ఒక పరిమితి ఉన్నది. మన ఖబరస్తాన్‌లలో అనేక సమాధులు మట్టివే. కొన్ని వర్షాకాలాలు గడిచేసరికి అవి నేలలో కలిసిపోతాయి. పైనుంచి చూస్తే అక్కడ కనిపించేది గడ్డి, నాలుగు వేపచెట్లు మాత్రమే. ఈద్‌గాహ్ ఏడాదికి రెండు రోజులు నిండుతుంది, మిగిలిన రోజులలో అది ఖాళీ మైదానం. ఆషుర్‌ఖానా చిన్న గది. దాని ముందున్న ఆవరణ చిత్రంలో వీధిలో భాగంగా కనిపిస్తుంది. చిత్రాన్ని మాత్రమే చూసి గీత గీసే ఉద్యోగి ఇటువంటి స్థలాన్ని ఖాళీ జాగాగా గుర్తిస్తే, అందులో దురుద్దేశం ఉండవలసిన అవసరం లేదు. ఆ స్థలం గురించి తెలిసినవారు అప్పుడు అక్కడ లేకపోవడమే చాలు.

ఇక పట్టిక సంగతి. పాత మద్రాసు రాష్ట్రపు సర్వే రికార్డులలో సమాధి స్థలాలు తరచుగా శ్మశాన పోరంబోకుగా నమోదయ్యాయి. పోరంబోకు అనగానే నేటి కంప్యూటర్ పటంలో అది ప్రభుత్వ భూమి రంగులోకి చేరిపోతుంది. తరతరాలుగా మన పూర్వీకులను ఖననం చేసిన వాడుకకు ఆ పట్టికలో గడి లేకపోతే, ఆ వాడుక రికార్డుకెక్కదు. తెర మీద ఏ గడులు ఉండాలో నిర్ణయించేవారు ఏ ఆధారాలు లెక్కకు వస్తాయో కూడా చాలావరకు నిర్ణయిస్తున్నారు. డిజిటల్ రూపకల్పన కేవలం సాంకేతిక విషయమని మనం అనుకోరాదు.

కొలతల సంగతి కూడా చెప్పుకొందాం. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, ఆంధ్రలో 100 సెంట్లు. తెలంగాణ పహాణీలో 1.20 అని ఉంటే ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరంన్నర. దానినే దశాంశాలలో నింపవలసిన గడిలో 1.20 అని టైపు చేస్తే ఎకరం ఎనిమిది గుంటలే అవుతుంది. ఆ ఒక్క చుక్క వద్ద 12 గుంటలు, అంటే 1452 చదరపు గజాలు రికార్డు నుంచి జారిపోతాయి. అదే విధంగా సెల్‌ఫోన్ చూపించే అక్షాంశ రేఖాంశాలలో కొన్ని మీటర్ల తేడా సహజం. ఒక గుంట అంటే పదకొండు గజాల చతురస్రమే గదా! ఇరుకైన ఊరి మధ్య ఉన్న మస్జిద్ హద్దును ఫోన్‌తో గుర్తిస్తే పక్కింటి గోడ మనదిగాను, మన వజూఖానా పక్కవారిదిగాను కనిపించవచ్చు. శాశ్వత కేంద్రాలకు అనుసంధానమైన రోవర్ పరికరం సెంటీమీటర్ల స్థాయిలో కొలుస్తుంది. హద్దులను నిర్ధారించవలసింది దానితోనే.

ఈ జాగ్రత్త ఇప్పుడే ఎందుకు అవసరమైనదో చూద్దాం. 2025 ఏప్రిల్ 8న అమలులోకి వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం సర్వే బాధ్యతను సర్వే కమిషనర్ నుంచి జిల్లా కలెక్టర్‌కు మార్చింది. వక్ఫ్ వివరాలన్నీ కేంద్ర పోర్టల్‌లో చేర్చాలన్నది. ఆ ఉమీద్ పోర్టల్ జూన్ 6న ప్రారంభమైనది. వాడుక ద్వారా వక్ఫ్ అనే భావనను చట్టం ఇకముందుకు తొలగించింది. అప్పటికే నమోదైనవి వక్ఫ్‌గానే కొనసాగుతాయని చెబుతూనే, వివాదంలో ఉన్నవాటిని, ప్రభుత్వ భూమి అయినవాటిని ఈ రక్షణ నుంచి మినహాయించింది. పటంలో ప్రభుత్వ భూమి రంగు పడితే ఎంత ప్రమాదమో ఇక్కడ అర్థమవుతుంది. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో నియమిత అధికారి విచారణ ముగియకముందే ఆస్తిని వక్ఫ్ కాదని భావించే నిబంధనను, దాని ఆధారంగా రికార్డులు మార్చే నిబంధనను నిలిపివేసింది. అయితే నమోదు తప్పనిసరి అన్న నిబంధనలో జోక్యం చేసుకోలేదు. కనుక రికార్డును సరిచూసుకొనే భారం మన మీదనే ఉన్నది.

రికార్డు ఎంతటి ఫలితాన్నిస్తుందో మణికొండ కేసు చూపింది. దర్గా హజ్రత్ హుస్సేన్ షా వలీకి చెందినదిగా బోర్డు చెప్పిన 1654 ఎకరాల 32 గుంటల భూమి ప్రభుత్వానిదేనని 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1989 నాటి గెజిట్ ప్రకటనలో ఆ విస్తీర్ణం లేదు. దానిని 2006లో సవరణ ప్రకటన ద్వారా చేర్చారు. అంత భూమిని కేవలం సవరణ పేరుతో చేర్చడం చెల్లదని న్యాయస్థానం భావించింది. ఆ తీర్పు మనలో ఎందరికో బాధ కలిగించింది. కానీ దాని నుంచి నేర్చుకోవలసినది ఉన్నది. విచారణ, నోటీసు, కొలత సకాలంలో పద్ధతి ప్రకారం జరగకపోతే, తరువాత ఎంత పెద్ద ప్రకటన ఇచ్చినా, ఎంత మంచి పటం గీసినా నిలబడదు.

మరొక విషయం కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఒక సర్వే నంబరులో కొంత భాగమే వక్ఫ్ అయినప్పుడు మొత్తం నంబరును నిషేధిత జాబితాలో పెడితే, పక్కనున్న రైతు తన పొలాన్ని అమ్ముకోలేడు, బిడ్డలకు రాసి ఇవ్వలేడు. అతని కోపం కార్యాలయం మీదికి కాక మన మీదికి మళ్ళుతుంది. ఆ భాగాన్ని కొలిచి, సబ్‌డివిజన్ చేసి, పటంలో విడిగా చూపిస్తే మన హక్కూ నిలుస్తుంది, అతని హక్కూ నిలుస్తుంది. ఒకరి జానెడు నేలను కూడా అన్యాయంగా తీసుకోరాదని మన ధర్మం బోధిస్తున్నది. కాబట్టి సరైన కొలతను మనమే ముందుగా కోరాలి.

ఇక ప్రతి కమిటీ చేయవలసిన పనులను చెబుతాము.

మొదటిది, కాగితాలు. వక్ఫ్ గెజిట్ ప్రతి, సర్వే కమిషనర్ నివేదిక, గ్రామ నక్షా, తెలంగాణలోనైతే సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ, ముంతఖబ్, ఆంధ్రలోనైతే ఆర్.ఎస్.ఆర్., ఎఫ్.ఎం.బి. వీటి ధ్రువీకృత నకళ్ళు తీసుకోండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం క్రింద దరఖాస్తు చేయండి.

రెండవది, సొంత పటం. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం భారతీయులు ముందస్తు అనుమతి లేకుండానే పటాలు తయారుచేసుకోవచ్చు. క్యూజిస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నిర్వహించే భువన్ పోర్టల్‌లో ఉపగ్రహ చిత్రాలు చూడవచ్చు. మన ఇళ్ళలో ఇంజనీరింగ్ చదువుతున్న అబ్బాయిలు, అమ్మాయిలు ఎందరో ఉన్నారు. వారిని పెద్దలతో కలిపి హద్దుల వెంట నడిపించండి. ప్రతి హద్దురాయిని, పాత సమాధిని, బావిని తేదీతో సహా ఫోటో తీయించండి. ఈ పటం ప్రభుత్వ కొలతకు ప్రత్యామ్నాయం కాదు, దానిని ప్రశ్నించడానికి ఆధారం.

మూడవది, కొలత రోజున హాజరు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్‌లో ప్రారంభమైన రీసర్వే 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ప్రకారం జరుగుతున్నది. 9(2) నోటీసు వచ్చిన దశలోనే అభ్యంతరం చెప్పాలి. 13వ సెక్షన్ ప్రకటన వెలువడిన తరువాత కోర్టుకు వెళ్ళడం తప్ప దారి ఉండదు. కొత్త వక్ఫ్ చట్టం ప్రకారం మ్యుటేషన్ నిర్ణయానికి ముందు 90 రోజుల నోటీసును రెండు పత్రికలలో ఇవ్వాలి, అందులో ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక కావాలి. ఆ ప్రకటనలను రోజూ చూసే బాధ్యతను కమిటీలో ఒకరికి అప్పగించండి.

నాల్గవది, అప్‌లోడ్ చేసిన ప్రతిదానినీ తిరిగి చదవడం. ఎకరాల గడి, సర్వే నంబరు, హద్దులు, భూమి రకం సరిచూసి, ప్రింటు తీసి భద్రపరచండి. తప్పు కనిపిస్తే వ్రాతపూర్వకంగా తెలిపి రసీదు తీసుకోండి.

ప్రభుత్వానికి మా విన్నపాలు రెండు. కొలత సమయంలో ముతవల్లీని, స్థానిక పెద్దలను పిలిచి, వారు చూపించిన హద్దులను, చెప్పిన అభ్యంతరాలను రికార్డులో చేర్చాలి. తయారైన పటాన్ని తుది ప్రకటనకు ముందు తెలుగులోను, ఉర్దూలోను గ్రామంలోనే ప్రదర్శించాలి. దీనికి కొత్త యంత్రాలు అవసరం లేదు.

మన పెద్దలు అల్లాహ్ పేరిట ఈ నేలను అర్పించినప్పుడు ఉపగ్రహాలు లేవు, పోర్టళ్ళు లేవు. సాక్షులు మాత్రం ఉన్నారు. నేడు ఆ సాక్ష్యం చెప్పవలసిన వంతు మనది. వచ్చే శుక్రవారం నమాజు తరువాత మీ కమిటీ సమావేశమై, పత్రాల బాధ్యత ఎవరిదో, హద్దుల బాధ్యత ఎవరిదో పేర్లతో సహా నిర్ణయించవలసిందిగా కోరుతున్నాము.