కల్పనకు హద్దులు నాటు వృత్తి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాసము)



పొలమునకు హద్దు లేనిచో పంట ఎవరిదో తేల్చుట కష్టము. తూర్పున బోదె, పడమట డొంక, ఉత్తరమున చెరువుగట్టు, దక్షిణమున పొరుగువాని చేను అని దస్తావేజులో వ్రాసికొన్నప్పుడే ఆ నేల ఆ రైతుదని లోకము ఒప్పుకొనును. నేలకు హద్దురాయి నాటవచ్చును. మనుష్యుని బుద్ధిలో పుట్టిన క్రొత్త యంత్రమునకు హద్దురాయి ఎక్కడ నాటవలెను? ఆ పని చేయు వృత్తి యొకటి కలదు. ఆ వృత్తిలోనివానిని మన దేశమున పేటెంటు ఏజెంటు అందురు. అమెరికాలో న్యాయవాది కూడ అయినచో పేటెంటు అటార్నీ అందురు. ఇంజనీరింగు చదివిన యువకులు ఊరూరను ఉన్న ఈ కృష్ణా డెల్టాలో ఈ వృత్తిని ఎరిగినవారు అరుదు.

ఇది దేశమునకు క్రొత్తది కాదు. బెజవాడయొద్ద కృష్ణానదికి ఆనకట్ట 1855లో పూర్తియైనది. ఆ మరుసటి యేడు, 1856 ఫిబ్రవరిలో, నూతన కల్పనలకు హక్కు లొసగు మొదటి చట్టము వెలువడెను. మార్చి 3వ తేదీననే కలకత్తా నివాసియగు జార్జి ఆల్ఫ్రెడ్ డిపెన్నింగు అను సివిలు ఇంజనీరు మొదటి అర్జీ దాఖలు చేసెను. ఆయన కల్పన పంకా లాగు యంత్రము. ఆ దినములలో కచ్చేరీలయందు వ్రేలాడు గుడ్డపంకాను కూలివాడు త్రాడు పట్టి పొద్దస్తమానము లాగుచుండెడివాడు. సెప్టెంబరు 2న పటములతో వివరణపత్రము సమర్పించి, డిపెన్నింగు ఈ దేశపు మొదటి హక్కును పొందెను. అంతటితో నిలువక, ఇతరుల కల్పనలకును హక్కులు సాధించు సంస్థను నెలకొల్పెను. ఆ పేరిటి సంస్థ నేడును చెన్నపట్టణమున కలదు. యంత్రము తెలిసినవాడు చట్టము నేర్చుటతోనే ఈ వృత్తి ఆరంభమైనది.

నేడు అమలులోనున్నది 1970 నాటి పేటెంటు చట్టము. ఇది 1972 ఏప్రిల్ 20 నుండి అమలులోనికి వచ్చెను. దీని ప్రకారము 21 సంవత్సరములు నిండిన భారత పౌరుడు, సైన్సులోగాని ఇంజనీరింగులోగాని పట్టభద్రుడై, పేటెంటు శాఖవారి పరీక్షలో ఉత్తీర్ణుడైనచో ఏజెంటుగా నమోదు కావచ్చును. లా పట్టము అవసరము లేదు. న్యాయస్థానమున వాదించుటకు మాత్రము న్యాయవాది కావలెను. పరీక్ష ఏటేట నియతముగ జరుగదు గనుక ఓర్పు కావలెను. అనుభవజ్ఞుని చెంత కొన్నియేండ్లు అభ్యసింపనిదే చేయి తిరుగదు.

ఇక పని యెట్టిదనగా, మొదట కల్పకుని మాట వినుట. యంత్రమును విప్పి చూచుట. అట్టిది లోకమున ముందే ఉన్నదేమో వెదకుట. తుదకు హద్దులు వ్రాయుట. మన తర్కశాస్త్రము లక్షణమునకు మూడు దోషములు చెప్పినది: అతివ్యాప్తి, అవ్యాప్తి, అసంభవము. ఆవునకు "కొమ్ములు గలది" అని లక్షణము చెప్పినచో గేదెకును పట్టును, అది అతివ్యాప్తి. "తెల్లనిది" అన్నచో నల్లావు వెలిపడును, అది అవ్యాప్తి. "ఒంటి గిట్ట గలది" అన్నచో ఏ ఆవునకును పట్టదు, అది అసంభవము. పేటెంటు పత్రమునకును సరిగా ఇదే పరీక్ష. హద్దు మితిమీరినచో పాత వస్తువు దానిలో పడి హక్కు చెడును. మరీ ఇరుకైనచో అనుకరించువాడు ఒక మేకు మార్చి తప్పించుకొనును. వ్రాసినట్లు యంత్రము నడువకున్నచో పత్రమే వ్యర్థము. యంత్రము తెలియనివాడు ఈ హద్దు గీయలేడు. మాటల బరువు తెలియనివాడును గీయలేడు.

గుడివాడ ప్రాంతపు కమ్మరి యొకడు గట్లు చెక్కు పనిముట్టు నొకదానిని క్రొత్తగా చేసెననుకొందము. వ్యవసాయ పద్ధతికి పేటెంటు లేదు గాని పనిముట్టునకు దొరకవచ్చును. అయితే సంబరముతో సంతలో నలుగురికి చూపి, పిమ్మట అర్జీ పెట్టినచో, క్రొత్తదనము పోయినదని సాధారణముగ త్రోసివేయుదురు. ముందు తాత్కాలిక వివరణము దాఖలు చేసి, 12 నెలలలో పూర్ణ వివరణము ఈయవచ్చును. హక్కు వచ్చినచో దాఖలు తేదీనుండి 20 సంవత్సరములు నిలుచును. ఈ ఒక్క సంగతి తెలియక శ్రమ పరులపాలగుట దుఃఖకరము. ఆలేరు వాస్తవ్యుడు చింతకింది మల్లేశము ఆరవ తరగతితో చదువు మానినవాడు. ఆసుపోయుటలో తల్లి చేతులు పడు బాధ చూడలేక 1999లో ఆసు యంత్రమును సాధించి, దానికి ఆమె పేరే పెట్టెను. 2017లో పద్మశ్రీ పొందెను. అట్టి తెలివి డెల్టాలోను కలదు. హద్దులు వ్రాసిపెట్టువాడే కొరత.

మచిలీపట్నపు కలంకారీ అద్దకమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. 1999 నాటి మరియొక చట్టము ననుసరించిన ఆ హక్కు ఏ యొక్కనిదియు గాదు. పెడనలో అచ్చులు చెక్కువారు, రంగులు వేయువారు అందరిదియును.

ఈ విషయము గ్రంథాలయ సభలో ఏల యని కొందరికి తోచవచ్చును. 1995లో అమెరికాలో గాయములకు పసుపు వాడుటపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు పేటెంటు ఇచ్చిరి. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి దానిని సవాలు చేసెను. వంటింటి పసుపుడబ్బా అచ్చట సాక్ష్యము కాలేదు. సంస్కృత గ్రంథములు, 1953 నాటి భారతీయ వైద్యసంఘ పత్రికలోని వ్యాసము మొదలగునవి చూపగా, 1997లో ఆ పేటెంటు రద్దయ్యెను. అచ్చైన పాత కాగితము అంత గొప్ప పేటెంటును కూల్చినది! తరువాత 2001లో మన వైద్యగ్రంథములలోని యోగములను ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, స్పానిషు, జపాను భాషలలోనికి మార్చి పరీక్షాధికారులకు అందించు సాంప్రదాయిక విజ్ఞాన భాండాగారమునకు శ్రీకారము చుట్టిరి.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణములను, ఇండ్లను, వానిలోని కాగితములను గూడ హరించినది. మిగిలిన తాటాకు, పాత పత్రిక, తాతగారి వైద్యపు చిట్కాల పుస్తకము ఎవరి యింట నున్నను చెదపురుగుల పాలుచేయక ఇచ్చటికి చేర్చవలెను. అవి రేపటి సాక్ష్యములు.

1910లో బందరునందు కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభిసీతారామయ్యగారు జాతీయ కళాశాల స్థాపించి, శాస్త్రముతో చేతిపనిని జతపరచిరి. ఆ నేలపై పుట్టిన ఇంజనీరులలో కొందరైనను ఈ వృత్తి నవలంబించి, ఊరి కమ్మరికి, సాలెవానికి, వడ్రంగికి హద్దురాళ్లు నాటుదురుగాక! ఈ గ్రంథాలయపు బల్లపై వారు మొదటి పాఠము చదువుదురుగాక!

స్వస్తి.