చీకటితోనే లేచే పిల్లలు



ఇంటిపనీ పొలంపనీ ముగించుకొని వచ్చారు. ఈవేళ పసిపిల్లల నిద్ర గురించి మాట్లాడుకుందాం.

మన రావికమతంలో ఒక చెల్లెలు నాతో ఇలా అంది: “మా గుంటడికి రెండేళ్ళు. నాలుగ్గంటలకే లేచి కూకుంటన్నాడు. నాకు నిద్ర లేదు. నిన్న కోపమొచ్చి కొట్టేశాను. తర్వాత నేనే ఏడిచాను.”

ఈ బాధ ఆమె ఒక్కదానిదే కాదు. చెరకు పనికో, ఉపాధి పనికో పొద్దున్నే వెళ్ళే తల్లులు చాలామందిది. కాని పిల్లడు మొండితనంతో లేవడు. కారణం ఉంటుంది.

నేను ఆమెను అడిగాను. పిల్లడు సాయంత్రం అయిదింటి దాకా పడుకుంటున్నాడు. రాత్రి పదింటికి కూడా టీవీ ముందే ఉంటున్నాడు. ఆలస్యంగా పడుకుంటే ఆలస్యంగా లేస్తాడని ఆమె అనుకుంది. అది పొరపాటు. మరీ అలిసిపోయిన పిల్లడికి నిద్ర సరిగా పట్టదు. తెల్లవారుజామున నిద్ర పలచగా ఉంటుంది. లైటు వేసినా, గిన్నె చప్పుడైనా లేచిపోతాడు.

పిల్లలకు ఎంత నిద్ర కావాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఈ లెక్క చెప్పింది. 1, 2 ఏళ్ళ పిల్లలకు రోజుకు 11 నుంచి 14 గంటలు. 3, 4 ఏళ్ళ వారికి 10 నుంచి 13 గంటలు. పగటి నిద్ర కూడా ఇందులోనే.

మరి ఏం చెయ్యాలి?

మధ్యాహ్నం పెందలాడే పడుకోబెట్టండి. పొద్దు వాలే వేళ నిద్రపోనివ్వకండి.

రాత్రి కడుపునిండా అన్నం పెట్టండి. రోజూ ఒకే వేళకు, ఎనిమిదింటికల్లా పడుకోబెట్టండి. గంట ముందే టీవీ, సెల్‌ఫోను ఆపండి. దోమతెర కట్టండి. లైటు ఆర్పండి. జోల పాడండి.

చీకటితో లేస్తే ఫోను ఇవ్వకండి. మెల్లగా జోకొట్టండి. లేవగానే ఆట దొరికితే అదే అలవాటవుతుంది. మీరు పనికి లేస్తే, తండ్రి పక్కన పడుకోవాలి. బిడ్డ ఇద్దరికీ బిడ్డే కదా!

చంటిపిల్లలు రాత్రి పాలకు లేస్తారు. అది సహజం. పాలు ఇవ్వండి.

పిల్లడు రాత్రిళ్ళు ఆసనం దగ్గర గోక్కుంటే నులిపురుగులు ఉండవచ్చు. రోజూ గట్టిగా గురక పెట్టినా, నిద్రలో ఊపిరి ఆగినట్లున్నా డాక్టరుకు చూపించండి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. నిద్ర కోసం నల్లమందు పెట్టకండి. దగ్గుమందు పట్టకండి. ఊపిరి ఆగి బిడ్డ చనిపోవచ్చు.

ఆ చెల్లెలు ఇలాగే చేసింది. మొదటి నాలుగు రోజులు మార్పు లేదు. ఆమె విడిచిపెట్టలేదు. రెండు వారాలకు పిల్లడు అయిదున్నర దాకా పడుకుంటున్నాడు.

ఇప్పుడు మీకు రాయడం వచ్చు. బిడ్డ ఎప్పుడు పడుకున్నాడో, ఎప్పుడు లేచాడో ఏడు రోజులు కాగితం మీద రాయండి. వచ్చే వారం తీసుకురండి. కలిసి చదువుదాం. కారణం మీకే కనబడుతుంది.